పరదేశమున వకీలు శిష్యరికము



మన్యములో పుట్టి న్యాయశాస్త్రము చదువుచున్న పిల్లవాడొకడు సెలవులకు ఇల్లు చేరి, "నేను పరదేశమునకు పోయి, అచ్చటి వకీళ్ల యొద్ద మూడు మాసములు ఉచితముగా పనిచేసి, పని నేర్చుకొని వచ్చెదను, దారిఖర్చునకు సొమ్ము కావలెను" అని యడిగినాడనుకొనుడు. ఇంటిపెద్ద యేమి చెప్పవలెను? "జీతమియ్యని కొలువునకు సముద్రము దాటవలెనా, బాబూ?" అని యాయన తిరిగి యడిగినచో, అది తెలియనివాని ప్రశ్న యని యెవ్వరును నవ్వరాదు. ఆ సొమ్ము మిరియపు తీగనుండియు, కాఫీతోటనుండియు, పసుపు త్రవ్విన కొండవాలునుండియు వచ్చినది. జి.మాడుగుల సంతలో దానిని రూపాయి రూపాయిగా కూడబెట్టినవానికి, అది యెందుకు ఖర్చగునో యడుగు హక్కు కలదు. నేటి నా ప్రసంగము ఆ ప్రశ్నను గూర్చియే.

మొదట ఈ శిష్యరికమనగా నేమో చెప్పెదను. వకీలు పని పుస్తకమువలన సగమే వచ్చును. తక్కిన సగము కక్షిదారుని యెదుట కూర్చుండి, అతడు చెప్పినదియు, చెప్పక మ్రింగినదియు గ్రహించి, కాగితముపై పెట్టుటవలన వచ్చును. పూర్వము మద్రాసు హైకోర్టులో చేరగోరు పట్టభద్రుడు పెద్ద వకీలొకరి వద్ద అప్రెంటిసుగా కాలము గడపవలసియుండెడిది. నేడు ఆ పద్ధతి మాఱినది. 1961 నాటి అడ్వకేట్ల చట్టము క్రింద ఏర్పడిన భారత బార్ కౌన్సిలు 2008లో చేసిన నిబంధనల ప్రకారము, మూడేండ్ల చదువు చదువువాడు మొత్తముమీద 12 వారములును, ఐదేండ్ల చదువు చదువువాడు 20 వారములును ఇట్లు పని నేర్చుకొనవలెను. ఏ సంవత్సరమునందును అది యేకధాటిగా 4 వారములకు మించరాదు. దీనినే కాలేజీ పిల్లలు ఇంటర్న్‌షిప్పు అందురు. కనుక మూడు మాసముల పరదేశ శిష్యరికము సాధారణముగా పట్టము వచ్చిన తరువాతి మాట. చదువు నడుమనే పోదలచినచో, కాలేజీవారు దానిని లెక్కలోనికి తీసికొందురో లేదో ముందుగా వ్రాతమూలముగా తెలిసికొనవలెను.

పరదేశమునకు పోయి వకీలు పని నేర్చినవారిలో మనకందఱకును తెలిసిన పేరొకటి కలదు. గాంధీ మహాత్ముడు 1891లో లండనునందు బారిష్టరై తిరిగివచ్చెను. బొంబాయి స్మాలుకాజు కోర్టులో 30 రూపాయల ఫీజు పుచ్చుకొని తన మొదటి దావాకు లేచి నిలుచుండగా, తల తిరిగి, అడుగవలసిన ప్రశ్న యొక్కటియు నోటికి రాలేదు. ఫీజు తిరిగి యిచ్చివేసి, దావాను వేఱొక వకీలున కొప్పగించి వచ్చెను. ఈ సంగతి ఆయన తన యాత్మకథలో దాచక వ్రాసినాడు. అట్టివాడు 1893లో, ఇరువది మూడేండ్ల వయస్సున, దాదా అబ్దుల్లా కంపెనీవారి వ్యాజ్యములో సహాయకుడుగా దక్షిణాఫ్రికాకు ఓడ యెక్కెను. ఒడంబడిక యొక యేడాదికి. రానుపోను మొదటి తరగతి ఛార్జీలును, అక్కడి ఖర్చులును గాక 105 పౌనులు. అది ఉచిత సేవ కాకపోయినను, బారిష్టరునకు దగిన పనియు గాదనియు, కంపెనీ నౌకరీ వంటిదే యనియు ఆయనకే తోచినది. అయినను పోయెను.

ఏమి నేర్చెను? మొదట జమాఖర్చులు. వ్యాజ్యమంతయు లెక్కలమీద నిలిచియున్నది. పద్దులు తెలియని బారిష్టరు దానిని చదివి యర్థము చేసికొనజాలడు. ఆయన పుస్తకము కొని ఆ విద్యను తానే యభ్యసించెను. పిమ్మట, న్యాయవాదములో ముప్పాతిక పాలు సంగతులే యని యొక పెద్దమనిషి మునుపు చెప్పిన మాట అచ్చట అనుభవమునకు వచ్చెను. అన్నిటికంటె గొప్పది రాజీ. బంధువులైన ఇరుపక్షములను మధ్యవర్తి తీర్పునకు ఒప్పించెను. తన కక్షిదారుడు గెలిచెను. ఓడినవాడు 37,000 పౌనులు ఒక్కమారుగా కట్టవలసివచ్చి దివాలా తీయకుండ, వాయిదాలు పుచ్చుకొనుటకు ఆ గెలిచినవానినే బ్రతిమాలి యొప్పించెను. దీనికే తనకు ఎక్కువ శ్రమ యయ్యెనని వ్రాసినాడు. రచ్చబండ యొద్ద తగవులు తీర్చు మీకు ఈ విద్య క్రొత్త గాదు. పుస్తకములనుండి లేచివచ్చు పిల్లలకే క్రొత్త.

1894లో నటాలు ఇండియన్ కాంగ్రెసు స్థాపితమైన కొలదికాలమునకు, బాలసుందరమను తమిళ కూలి ముందుపండ్లు విరిగి, నోట నెత్తురు కారుచు, తలపాగ చేతబట్టుకొని ఆయన కచేరీకి వచ్చెను. యజమాని కొట్టినాడు. కూలి మాట గాంధీకి తెలియదు; కచేరీలోని తమిళ గుమాస్తా తెలియజెప్పెను. ముందు తెల్లదొరయైన వైద్యునికి చూపి, గాయమును గూర్చి పత్రము వ్రాయించుకొని, ఆమీదట బాధితుని మేజిస్ట్రేటు నొద్దకు తోడుకొనిపోయెను. కొట్టినవానికి శిక్ష వేయించుటకంటె, ఆ కూలి వేఱొక యజమాని క్రిందికి మాఱుటయే ముఖ్యమని తలంచి, అదియే సాధించెను. 1860 నవంబరు 16న 'ట్రూరో' అను ఓడ మద్రాసునుండి దర్బను చేరిననాటినుండి ఆ దేశమునకు పోయిన ఒడంబడిక కూలీలలో తెలుగువారును ఎందఱో కలరు. తమిళ తెలుగు భాషలు రాకపోవుట తనకెంత కొఱతయైనదో గాంధీ చెప్పుకొనినాడు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మనకు పని యున్నది.

మన తెలుగువారిలో టంగుటూరి ప్రకాశముగారు 1904లో ఇంగ్లండునకును, వరాహగిరి వేంకటగిరిగారు 1913లో ఐర్లండునకును పోయిరి. వారు కోరి పోయినది బారిష్టరు పట్టమును. గిరిగారు 1916లో ఆ దేశము విడువవలసి వచ్చినదాక డబ్లినులో చూచినది పాఠములకు మించినదే. కాని ఆ కథ నేటికి ప్రస్తుతము గాదు.

ఇప్పుడు మఱియొక వైపునుండి చూడుడు. పట్టణమునుండి నోటుపుస్తకము చేతబట్టుకొని మీ పల్లెలకు వచ్చువారిని మీరెఱుగుదురు. కొందఱు పరీక్షలకై వచ్చెదరు, కొందఱు లెక్కలకై, కొందఱు ఫోటోలకై. పేరడుగుదురు, భూమి యెంత, పట్టా యున్నదా, ఎవరైన లాగుకొనిరా యని యడుగుదురు. మీరు పని మానుకొని, అరుగుమీద కూర్చుండబెట్టి, ఉన్నదంతయు చెప్పుదురు. వారము తిరుగునప్పటికి వారు పోవుదురు. ఆ నోటుపుస్తకమేమయ్యెనో యెవ్వరికిని తెలియదు. ఏడాదికి మఱియొకరు వచ్చి మరల మొదటినుండి యడుగుదురు. మన పిల్లవాడు ఆఫ్రికాలోని యే పల్లెకో, కంబోడియాలోని యే పేటకో పోయినచో, అచ్చటి పెద్దలకు ఇతడే ఆ నోటుపుస్తకమువాడు. నన్నడిగినచో, పరదేశ సేవ యెట్లుండవలెనో మన్యపు పెద్దలు పట్టణపు పండితులకంటె బాగుగా చెప్పగలరు; ఏలయన, సేవ చేయవచ్చినవారిని ఎదుటినుండి చూచినవారు వీరు.

పరదేశమున శిష్యునకు కోర్టులో వాదించు హక్కు లేదు. తన పేర సలహా చెప్పుటకును వీలు లేదు. అచ్చటి సన్నదు గల వకీలు కనుసన్నలలో దస్తావేజులు వరుసగా పేర్చుట, పాత తీర్పులు వెదకుట, జరిగిన సంగతులకు తేదీలవారీగా పట్టిక వ్రాయుట, పెద్దవకీలు కక్షిదారునితో మాటలాడునప్పుడు ప్రక్కన కూర్చుండి వ్రాసికొనుట — ఇవి యతని పనులు. వీనిని చిన్నచూపు చూడరాదు. ఒక్క తేదీ తప్పి పడిపోయిన దావాలు మనకెన్నియో తెలియును. కాని పైవకీలు లేనిచోట, "ఇచ్చటి బీదలకు నీవే దిక్కు, నీవే సలహా చెప్పుము" అని యెవరైన అతనిని ఉబ్బవేసినచో, మఱునాడే మూట కట్టుకొని రావలెను. వైద్యము చదువుచున్నవాని చేతికి కత్తి యిచ్చి, కడుపు కోయుమని యెవరును చెప్పరు గదా.

భాష మాట చెప్పితిని. మాడుగుల సంతలో ఒక్క పూట నిలుచున్నచో తెలుగును, కువియు, ఒడియాయు చెవినబడును. కువి మాటలాడు స్త్రీ చెప్పినది, దుబాసి తెలుగులో చెప్పినది, గుమాస్తా ఇంగ్లీషులో వ్రాసినది మూడును ఒకటేనా? కావని మీకు తెలియును. స్వదేశముననే ఇట్లున్నప్పుడు, పరదేశమున దుబాసి నోటిమీద ఆధారపడు శిష్యుడు తాను విన్నదానిని ఎంతవఱకు నమ్మవచ్చునో యాలోచింపవలెను. ఇంగ్లీషు వచ్చును గదా యని ధైర్యపడరాదు. ఇంగ్లీషు కోర్టులో పనికివచ్చును; కక్షిదారుని గుమ్మములో పనికిరాదు.

రహస్యమును గూర్చి యొక్క మాట. 1872 నాటి సాక్ష్య చట్టములో, కక్షిదారుని రహస్యమును కాపాడు విధి వకీలునకే గాక అతని గుమాస్తాకును దుబాసికిని కూడ విధింపబడియుండెను. దాని స్థానమున 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమందును అట్లే కలదు. ఇతర దేశములందును ఈ మర్యాద యున్నది. ఏడ్చుచున్న కక్షిదారుని ప్రక్కన నిలుచుండి తీసికొన్న ఫోటోను చేతిఫోనులో లోకమునకెల్ల చూపు శిష్యుడు, ఎంత తెలివిగలవాడైనను, వకీలు పనికి తగడు.

ఇంతవఱకు విన్నవారికి నా యభిప్రాయము తెలిసియే యుండును. మన్యపు పిల్లవాడు సముద్రము దాటుటకు ముందు మాడుగులలో శిష్యరికము చేయవలెను. ఊరి మీది యభిమానముచే నేనిట్లనుట లేదు. మన్యపు చట్టము మైదానపు చట్టము వంటిది గాదు. కాలేజీలో దానికి దొరకు కాలము స్వల్పము. 1839లో చేసిన చట్టముచేత గంజాము, విశాఖ జిల్లాల మన్యములు సామాన్య న్యాయస్థానముల చేతినుండి తప్పించి, ఏజంటు అధికారము క్రింద పెట్టబడెను. ఆ వేఱుపాటు రూపుమాఱుచు వచ్చినదే గాని పోలేదు. రాజ్యాంగములోని అయిదవ షెడ్యూలు దానికి నేటి యాధారము. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషను, 1970లో సవరింపబడి, మీరందఱును 1/70 అని పిలుచు చట్టమైనది. షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరుని చేతిలోనున్న భూమి, వేఱుగా ఋజువగువఱకు, గిరిజనునినుండి వచ్చినదిగానే యెంచబడును. ఋజువు చేయు భారము పట్టుకొని కూర్చున్నవానిది. బాధితుడు అర్జీ పెట్టుకొనకపోయినను, అధికారి తనంతట తానుగా విచారణ చేయవచ్చును. 1988లో సుప్రీముకోర్టు ఈ చట్టము చెల్లునని తీర్పు చెప్పినది. 1997 జులై 11న, అనంతగిరి మండలము బొర్రా ప్రాంతపు గనులను గూర్చిన 'సమత' తీర్పులో, ప్రభుత్వమైనను షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతర కంపెనీలకు గని కవులుగా ఇయ్యరాదని చెప్పినది. ఇంత గొప్ప తీర్పు మన కొండలలో పుట్టగా, దానిని చదువక పరదేశపు తీర్పులకై పోవు పిల్లవానిని ఏమనవలెను?

చెప్పుటకు నోరు రాని సంగతి యొకటి చెప్పక తప్పదు. 2007 ఆగస్టు 20న ఈ మండలములోని వాకపల్లిలో, గాలింపునకు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారము చేసిరని పదునొకండుగురు ఖోందు స్త్రీలు ఫిర్యాదు చేసిరి. విశాఖపట్టణములోని ప్రత్యేక న్యాయస్థానము తీర్పు చెప్పినది 2023 ఏప్రిలు 6న. విచారణ నెదుర్కొన్న పోలీసులను విడిచిపెట్టుచు, దర్యాప్తు సరిగా జరుగలేదని పలికి, ఆ స్త్రీలకు పరిహారమీయవలెనని ఆదేశించినది. పదునైదేండ్లు దాటిన వ్యాజ్యము! బాలసుందరము కథలో ముందు వైద్యుని పత్రము, పిమ్మట మేజిస్ట్రేటు అని చెప్పితిని గదా. మొదటి దినములలో కాగితమునకు ఎక్కవలసినది ఎక్కకపోయినచో, పిమ్మట ఎంత గొప్ప వకీలు వచ్చినను దానిని క్రొత్తగా పుట్టింపలేడు. ఈ వ్యాజ్యపు తీర్పును మొదటినుండి చివరివఱకు ఓర్పుతో చదివిన మన్యపు విద్యార్థి, దర్యాప్తు అనగా నేమో ఏ దేశమునందును అడిగి తెలిసికొన నక్కఱలేదు.

ఇచ్చట పని యెక్కడ దొరకునని యడుగవచ్చును. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము క్రింద, షెడ్యూల్డు తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా వకీలును ఏర్పాటు చేయవలెను. ఊరికిని కోర్టునకును నడుమ నిలుచుటకు పారా లీగల్ వాలంటీర్లను నియమించు పద్ధతి 2009 నుండి యున్నది. అటవీ హక్కుల చట్టము 2006లో వచ్చినది. ఆ హక్కుకోరు అర్జీ మొదట మీ గ్రామసభ యెదుటికే వచ్చును. ఆ అర్జీని చక్కగా వ్రాసి, హద్దులు చెప్పించి, పెద్దల సాక్ష్యము చేర్చి, పాడేరు వఱకు దానివెంట నడిచిన విద్యార్థి రెండు సెలవులలో నేర్చునది తక్కువ గాదు. విశాఖకు చేరువనున్న సబ్బవరములో 2008లో దామోదరం సంజీవయ్యగారి పేర స్థాపించిన న్యాయ విశ్వవిద్యాలయమున్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున న్యాయ కళాశాల యున్నది. వానినుండి శిష్యులను మన కొండకు పిలిపించుకొనవచ్చును గదా!

అట్లయిన పరదేశమేల? దానికిని గట్టి కారణము కలదు. మన తగవు మనకే వచ్చినదని మనమనుకొందుము. ఆస్ట్రేలియా దేశపు ఉన్నత న్యాయస్థానము 1992 జూన్ 3న మాబో వ్యాజ్యములో, తెల్లవారు రాకముందు ఆ భూమి యెవ్వరిదియు గాదను పాత సిద్ధాంతమును త్రోసివేసి, ద్వీపవాసుల పూర్వాచార హక్కును అంగీకరించినది. దావా వేసిన ఎడ్డీ మాబో ఆ తీర్పు వినకుండగనే, అదే సంవత్సరము జనవరిలో కాలము చేసెను. దక్షిణాఫ్రికాలో రిక్టర్స్‌వెల్డు ప్రాంతపు నామా జాతివారి భూమిలో వజ్రములు దొరకగా, వారిని వెడలగొట్టిరి. 2003 అక్టోబరు 14న ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము, వారి సొంత ఆచారము ప్రకారము భూమియు భూగర్భమందలి ఖనిజములును వారివే యని చెప్పినది. వారి పక్షమున నిలిచినది 1979లో స్థాపింపబడిన లీగల్ రిసోర్సెస్ సెంటరను ఉచిత న్యాయసేవా సంస్థ. సమత తీర్పును ఎఱిగిన పిల్లవాడు అట్టి సంస్థలో, జమాఖర్చు నేర్చిన గాంధీ వలె, దస్తావేజులు పేర్చుచు కూర్చుండినచో, ఆచారమును కోర్టులో ఋజువు చేయు తెఱగు కన్నులార చూడగలడు. మలావిలో 2000వ సంవత్సరమునుండి వకీళ్లు గాని పారా లీగల్ సేవకులు జైళ్లకు పోయి, విచారణకై వేచియున్న ఖైదీలకు బెయిలు కోరు విధము పాఠముగా చెప్పుచు వచ్చిరి. అదియు మనకు పనికివచ్చునదే. ఇంటి చట్టము ఎఱిగి పోయినవానికే ఇవి యన్నియు అర్థమగును.

ఇక సొమ్ము. 2015 ఆగస్టులో జెనీవా నగరమున, ఐక్యరాజ్యసమితి కార్యాలయములో జీతములేని శిక్షణకు వచ్చిన న్యూజీలండు యువకుడొకడు ఇంటి అద్దె చెల్లింపలేక సరస్సు ఒడ్డున డేరాలో కాపురమున్నాడని పత్రికలు వ్రాసినవి. తాను లోకము దృష్టి నాకర్షించుటకే అట్లు చేసితినని అతడు పిమ్మట చెప్పినాడు. అయినను జీతములేని కొలువు ధనవంతుల బిడ్డలకే సాధ్యమన్న తగవు దానితో పైకి వచ్చినది. మన పిల్లవానికి విద్యార్థి వేతనమో, ఆ సంస్థ యిచ్చు బసయో, భోజనమో ఉన్నచో పోవచ్చును. పొలము తాకట్టుపెట్టి మాత్రము పోరాదు. సేవ చేయుటకు చోటు చూపెదమని చెప్పి పెద్ద మొత్తము ఫీజు అడుగు మధ్యవర్తులున్నారు. ఆ ఫీజులో ఎంత పాలు బీదల న్యాయమునకు పోవునో, ఎంత పాలు వారి జేబునకు పోవునో వ్రాతమూలముగా అడిగి చూడుడు. జవాబు రానిచో జవాబు వచ్చినట్లే. వీసా సంగతియు చూడవలెను. జీతము పుచ్చుకొననంత మాత్రమున పని పని గాకపోదు. బ్రిటనువారి నిబంధనలలో, సందర్శకుడుగా వచ్చినవాడు నమోదైన ధర్మసంస్థకు మాత్రమే, మొత్తము 30 దినములకు మించకుండ సేవ చేయవచ్చునని యున్నది. యాత్ర వీసాతో పోయి మూడు మాసములు కచేరీలో కూర్చున్నచో, న్యాయము నేర్వబోయినవాడు చట్టమును మీఱినవాడగును. మరల ఆ దేశమునకు పోవుటకును చిక్కులు వచ్చును.

కనుక పిల్లవాడు సొమ్మడుగ వచ్చినప్పుడు, ముందు ఆ సంస్థ వ్రాసిన ఉత్తరమును తెమ్మనుడు. దానిలో పైవకీలు పేరున్నదా, అతడు చేయవలసిన పని వ్రాసియున్నదా, బస యెవరిదో, జబ్బు చేసినచో ఖర్చు ఎవరిదో ఉన్నదా యని చదివించుకొనుడు. ఆ పిమ్మట 1/70 చట్టములో ఋజువు భారము ఎవరిదో మీరే యడుగుడు. తడుముకొనక చెప్పినచో, ఆ యూరివారి భాషలో ఎన్ని మాటలు నేర్చెనో యడుగుడు. పోయి వచ్చిన తరువాత, తాను చూచిన వ్యాజ్యములలో పేర్లు విడిచి, సంగతులను మాత్రము గ్రామసభలో తెలుగునను కువిలోను చెప్పవలెనని ఇప్పుడే మాట తీసికొనుడు. గ్రామసభ యే దినమో, అతని తిరుగు టిక్కెట్టు ఏ దినమో రెండును ఒకే కాగితముపై వ్రాయించి పెట్టుడు.